ప్రమిదల గడ్డి

ఉదయం ఆరూ పదికి పెద్ద పెట్ట తుమ్మింది. కోళ్లు తుమ్ముతాయని నాకు అంతవరకు తెలియదు. డాబా మీద గూటి ముందు టీ గ్లాసుతో నిలబడి, మళ్లీ తుమ్ముతుందేమోనని చూశాను. తుమ్మింది.

అవి మా ఆవిడ పెంచిన కోళ్లు. మూడు పెట్టలు. ఆమె వానాకాలంలో పోయింది. ఈ చలికాలం వాటిని గట్టెక్కించాలని అనుకున్నాను. అంతకు మించి పెద్ద ఉద్దేశం లేదు.

గూటి కింద సిమెంటు గచ్చు రాత్రయ్యేసరికి చల్లబడుతుంది. ఏటా చలి మొదలవగానే ఆమె దాని మీద వరిగడ్డి మందంగా పరిచేది. గడ్డి ఒక గోనెసంచిలో మెట్లెక్కి వచ్చేది. ఎక్కణ్ణుంచి వచ్చేదో మా మధ్య ఎప్పుడూ మాటకు రాలేదు.

అమీర్‌పేటలో ఏ కోర్సు కావాలన్నా దొరుకుతుంది. సంచెడు గడ్డి దొరకలేదు. పంజాగుట్టలో సోఫాలు చేసే దుకాణంలో రంపపు పొట్టు అడిగాను.

"కోళ్లకా?" అన్నాడు యజమాని. "మనుషులకే మంచి పరుపు దొర్కుతలేదు సార్, మీరు కోళ్లకు అడుగుతున్నరు."

అయినా ఒక సంచి నింపి ఇచ్చాడు. అది ప్లైవుడ్ పొడి. పరుస్తుంటే పిండిలా పైకి లేచింది. సాయంత్రానికి మూడూ తుమ్ముతున్నాయి. అంతా ఊడ్చి పారేశాను.

తరువాత జిరాక్స్ షాపు నుంచి కాగితం కత్తిరింపులు తెచ్చాను. రెండు రోజుల్లో తడిసి ముద్దకట్టి కాళ్లకు అంటుకున్నాయి. ఆన్‌లైన్‌లో చెక్క తురుము తెప్పిస్తే, తెల్ల ఎలుక బొమ్మ ఉన్న చిన్న పొట్లం వచ్చింది. గూట్లో ఒక మూలకు సరిపోయింది. మూడు కోళ్లూ ఇంకో మూలకు పోయి నిలబడ్డాయి.

కింది వాటాలో ఉండే ఆమె బట్టలు ఆరేయడానికి పైకి వచ్చి, నేను ఎత్తిపోసిన కాగితపు ముద్ద చూసింది.

"గిదేంది అన్నా, కోళ్లకు సుత కోచింగ్ ఇప్పిస్తున్నవా?"

"గడ్డి దొరకడం లేదమ్మా."

"అక్క ప్రమిదలోళ్ల దగ్గర తెచ్చేది గదా. దీపావళి తెల్లారి. నీకు తెల్వదా?"

దీపావళికి ఫుట్‌పాత్ మీద ప్రమిదలు అమ్మేవాళ్లు, అవి పగలకుండా గడ్డిలో పేర్చి తెస్తారు. అమ్మకం అయ్యాక గడ్డిని అక్కడే వదిలి పోతారు. మర్నాడు పొద్దున్నే, రోడ్డు ఊడ్చేవాళ్లు రాకముందే మా ఆవిడ సంచితో వెళ్లేదట. ఈసారి కూడా ఆ గడ్డి అక్కడ పడే ఉంటుంది. దాని మీదుగా నడిచే ఉంటాను. అప్పటికి దీపావళి వెళ్లి నెల దాటింది.

"ఫికర్ చెయ్యకు. ఆదివారం మా తమ్ముడు ఊరి నుంచి ఆటోల వస్తడు. గడ్డి తెమ్మంట," అంది.

శనివారం పెద్ద పెట్ట చచ్చిపోయింది. ఆదివారం గడ్డి వచ్చింది. పొడిగా ఉంది, కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. గూట్లో పరచలేదు. ఇంకో చలికాలం ఇలా వెతికే ఓపిక నాకు లేదు. ఆ గడ్డినే గంపలో వేసి, మిగిలిన రెండింటినీ అదే ఆటోలో ఆమె తమ్ముడి పొలానికి పంపేశాను.

"గుడ్లు పంపియ్యమనాల్నా అన్నా?" అని అడిగింది ఆమె. వద్దన్నాను.

ఆ తరువాత ఇంకో దీపావళి వచ్చింది. ప్రమిదలవాళ్లు ఎప్పటిలాగే గడ్డి వదిలి వెళ్లారు. మా ఇంటి నుంచి సంచి పట్టుకుని ఎవరూ వెళ్లలేదు.