బొంత మీద రెండు మచ్చలు

బొంత మీద ఇస్త్రీ మచ్చ ఒకటా రెండా అన్న దగ్గరే నా తల తిరగడం మొదలైంది. ఒకటే అంటుంది నా బిడ్డ. రెండూ కళ్ళెదుట కనిపిస్తుంటే ఒకటే అంటుందేమిటని నా కోపం.

బిడ్డ పురిటికి మందమర్రిలోని మా క్వార్టర్‌కు వచ్చింది. నాకు మనవరాలు పుట్టిందని తెలియగానే, మంథనిలో మా తమ్ముడి దగ్గర ఉంటున్న, నన్ను కన్న మా అవ్వ తన పెట్టెలోంచి ఒక బొంత తీసి, ఇటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపింది. నేను పుట్టినప్పుడు తను కుట్టిన బొంత అది. తన పాత చీరలు, బాపు పాత ధోతులు పొరలు పొరలుగా పరిచి కుట్టింది. మా వైపు పసిపిల్లల కింద కొత్త గుడ్డ వేయరు, వాడి వాడి మెత్తబడిన బట్టే వేస్తారు. పిల్లను తొలిసారి ఉయ్యాలలో వేసే తొట్టెల నాడు ఆ బొంతలోనే పడుకోబెట్టాలని, అది చూడడానికి తానే వస్తానని అవ్వ ఫోన్లో చెప్పింది. ఏళ్ళుగా బస్సెక్కని మనిషి. అలాంటి మనిషి వచ్చేసరికి బొంత చక్కగా ఉండకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

అప్పుడే ముసురు పట్టింది. విప్పి సరిగా చూడకుండానే నీళ్ళలో ముంచి ఉతికిన బొంత ఎంతకీ ఆరలేదు. వెనకట అయితే కుంపటి మీద గంప బోర్లించి, దాని మీద బొంత పరిచేవాళ్ళు. ఇప్పుడు బొగ్గు బావుల ఊళ్ళో ఉండి కూడా మా ఇంట్లో పిడికెడు బొగ్గు లేదు. నా బిడ్డ కరెంటు ఇస్త్రీపెట్టెతో చెమ్మ పోగొట్టబోయింది. లోపల పాప ఏడ్చేసరికి పెట్టెను బొంత మీదే వదిలేసి పరుగెత్తింది.

కాలిన వాసన వచ్చి నేను వెళ్ళి చూస్తే ఒక మచ్చ నడుమ ఉంది, ఇంకొకటి మూలన ఉంది.

"ఇస్త్రీపెట్టె ఒక్కకాడనే పెట్టిన మమ్మీ."

"మరి మూలకున్నదేంది? దానంతటదే కాలిందా?"

"నాకేమెరుక?"

మూలనున్నది కాస్త వెడల్పుగా, ముదురుగా ఉంది. ఆ తేడా చూశాను, కానీ ఆలోచించలేదు. కోపంలో ఉన్నప్పుడు నాకు కొలతలు కనపడవు.

ఇక వైద్యం మొదలైంది. పక్కింటి వదినె నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టమంది. ఇస్త్రీ బండాయన తడి గుడ్డ కప్పి మళ్ళీ ఇస్త్రీ చేయమన్నాడు. ఇస్త్రీతో కాలినదాన్ని ఇస్త్రీతోనే బాగు చేయడమేమిటో నాకర్థం కాలేదు. ఫోన్లో వీడియో చూస్తే మందుల షాపులో దొరికేదేదో పోయమన్నారు. ఇంకో వీడియోలో అది అసలు ముట్టుకోవద్దన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అలా ఉంచి, ఏ ఆకు పట్టుకోవాలో తెలియక పరేషానయ్యాను. పసిపిల్ల ఒంటికి తగిలేది కదా అని చివరికి నిమ్మకాయకే మొగ్గాను. అదృష్టం కొద్దీ మర్నాడు ఎండ కాసింది.

నడుమనున్న మచ్చ సాయంత్రానికల్లా మాయమైంది. మూలనున్నది మాత్రం చెక్కుచెదరలేదు. ఒకటే పెట్టె, ఒకటే బట్ట, ఒకటే నిమ్మకాయ. ఒకటి పోయి ఇంకొకటి ఎందుకు పోదు? తొట్టెల దాకా బ్రష్షు పెట్టి దాన్ని రాకుతూనే ఉన్నాను. బట్ట నూగు లేచి, పోగులు బయటపడ్డాయి. ఇక లాభం లేదని, అతుకు వేద్దామని నా చీర ముక్క కోసి సూదిలో దారం ఎక్కిస్తుంటే వాకిట్లో ఆటో ఆగింది.

అవ్వ చెప్పులు విడిచి, కాళ్ళయినా కడగకముందే బొంత ఏదని అడిగింది. ఒళ్ళో పరుచుకుంది. చూపు సరిగా ఆనదు తనకు. చేతులతోనే తడుముకుంటూ తిన్నగా ఆ మూలకే పోయింది.

"దీన్నెవలే గింతగనం రాకింది?"

"కాలింది అవ్వా. పిల్ల ఇస్త్రీపెట్టె మరిచిపోయింది."

"ఏ పిల్ల? గిది మీ బాపు కాలవెట్టింది."

నేను సూదిని చీర ముక్కకు గుచ్చి పక్కన పెట్టాను.

"నువ్వు పుట్టినప్పుడు గూడ గిట్లనే ముసురు. బొంత ఆరుతలేదని డూటీ నుంచి వచ్చి నిప్పుల ఇస్త్రీపెట్టె వట్టిండు. నువ్వు కెవ్వున ఏడిస్తివి. పెట్టె ఆడనే ఇడిశి నిన్నెత్తుకునేతందుకు ఉరికిండు. అందరు అతుకెయ్యమన్నరు, నేనెయ్యలే. బిడ్డ కోసం ఉరికినోని గుర్తుకు అతుకెందుకు?"

బాపు పోయి చాలా కాలమైంది. డ్యూటీ నుంచి వచ్చి, తిని, గోడ వైపు తిరిగి పడుకునే మనిషిగానే ఆయన నాకు తెలుసు. నన్ను ఎప్పుడైనా ఎత్తుకున్నాడా అని ఎవరైనా అడిగితే లేదనే చెప్పేదాన్ని. ఏడుపు ఆపుకోలేకపోయాను. సంతోషమో దుఃఖమో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

"చూసినవా మమ్మీ, నేను ఒక్కటే కాలవెట్టిన," అంది నా బిడ్డ, పాపను భుజాన వేసుకుని.

అవ్వ తలెత్తింది. "నువ్వు గూడ కాలవెట్టినవా? ఎట్ల?"

"పాప ఏడిస్తే ఉరికిన అమ్మమ్మా."

"అయితే నీది ఏది?"

బిడ్డ వంగి వెతికింది. నేనూ వెతికాను. నడుమంతా ఒకే తెలుపు.

"నిమ్మకాయ రాసి తీసేసిన అవ్వా," అన్నాను.

అవ్వ నా వైపు తిరిగి, "ఏమొచ్చిందే నీకు?" అంది.

పాపను ఆ బొంతలోనే తొట్టెలో వేశాం. ఇప్పటికీ బొంత ఉతికినప్పుడల్లా ఎండకు పట్టి, నా బిడ్డ మచ్చ ఎక్కడుండేదో చూస్తాను. దొరకదు.