కనకవ్వ రాసిన చీటీలు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. బాన్సువాడ బస్టాండు దగ్గర పాత గోడ గడియారాలు బాగుచేస్తూ, వాటి విడి సామాను అమ్ముతూ బతికిన పండరి విషయంలో ఆ సామెత మరీ విడ్డూరంగా కుదిరింది. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ ఆయన కళ్ళనే పొగిడాడు. "ఏం చూపు గది. చక్రానికి ఆవగింజంత పన్ను ఇరిగినా కనిపెడ్తుండె" అని ఒకరు. "గసోంటి చెయ్యి ఇగ పుట్టది" అని ఇంకొకరు. పండరి భార్య కనకవ్వ లోపలి గడప దగ్గర కూర్చుని అంతా విన్నది. ఆయనకు తొమ్మిదేళ్లుగా చూపు ఆనదన్న సంగతి ఊరు మొత్తంలో ఆమె ఒక్కదానికే తెలుసు.

షుగరు ముదిరి కళ్ళు పోయాయి. ఎదురుగా మనిషి నిలబడితే ఆనవాలు పట్టేవాడు గాని, గడియారం లోపలి చక్రం చేతిలో పెడితే అది చక్రమో చొక్కా గుండీయో చెప్పలేకపోయేవాడు. దవాఖానలో ఇక లాభం లేదని చెప్పిన రోజు బస్సులో వస్తూ వస్తూ, "ఎవ్వలకు తెల్వనియ్యకే. గుడ్డోని కాడికి గడియారం ఎవడు తెస్తడు" అన్నాడు. కనకవ్వ సరేనన్నది. మొగుడి పరువు, పొట్టకూడు రెండూ ఆ సరేలోనే ఉన్నాయి మరి.

దుకాణం మధ్యలో ఒక చెక్క బీరువా ఉండేది. ముందు పండరి, వెనక కనకవ్వ, ఆమె ఒళ్ళో బీడీల చాట. రుద్రూర్ నుంచి ఏ పెద్ద రైతో తాతల నాటి గడియారం గోనెసంచిలో చుట్టుకుని వస్తాడు. పండరి దాని వెనక చెక్క విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు ఊఁ కొట్టి, "ఎల్లుండి రా పటేలా" అంటాడు. పటేలు అటు పోగానే గడియారం బీరువా వెనక్కి వస్తుంది. చాట పక్కకు పోతుంది. పన్నెండో ఏట నుంచి బీడీల మూతులు మడిచిన వేళ్ళు కనకవ్వవి, సన్నపని వాటికి కొత్త కాదు. పండరి నోటితో చెప్పేవాడు, ఆమె చేతులతో నేర్చుకునేది. ముప్పై ఏళ్ళలో ఆయన నేర్చింది మూడేళ్ళలో ఆమెకు వచ్చేసింది. ఆ తర్వాత ఆయన చెప్పడం కూడా మానేశాడు. చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు.

కనకవ్వకు ఆ పని ప్రాణం. బీడీ వెయ్యోదైనా మొదటిదానిలాగే ఉంటుంది. గడియారాలు అలా కాదు, దేని రోగం దానిదే. ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని నడిపించిన రోజు ఆమె అన్నం మీద కూడా ధ్యాస లేకుండా దాన్నే చూస్తూ కూర్చునేది. పటేలు వచ్చి "నీ చెయ్యి బంగారం పండరన్నా" అంటే బీరువా వెనక తనలో తాను నవ్వుకునేది. అప్పుడు అది నవ్వులాగే ఉండేది.

పండరి పోయాక ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ దుకాణంలో, ఆ పని చేస్తూ కూర్చోవాలి. నెల తర్వాత తాళం తీసి, ఈసారి బీరువాకు ముందు కూర్చున్నది. వచ్చినవాళ్ళు తొంగి చూసి, గడియారం చంకలో పెట్టుకునే వెనక్కి తిరిగారు. "నేను చేస్త, ఇచ్చి పోన్రి" అంటే, మహమ్మద్ నగర్ నుంచి వచ్చినాయన జాలిగా చూసి, "నీకెందుకవ్వా గీ తిప్పలు" అన్నాడు. ఇన్నాళ్ళూ చేసింది నేనే అని నోటిదాకా వచ్చింది. చచ్చిన మొగుణ్ణి బజారులో గుడ్డోణ్ణి చేయడానికి మనసొప్పలేదు.

అప్పుడు ఆమె మరిది మధుకర్ ఒక బేరం తెచ్చాడు. నిజామాబాద్‌లో పాత సామాన్లు కొని పెద్ద హోటళ్ళకూ ఉన్నవాళ్ళ ఇళ్ళకూ అమ్మే ప్రభుదాస్ అనే సేటు. వచ్చి చూశాడు. గడియారాల విడి సామాను నింపిన పాలపొడి డబ్బాలు, పౌడరు డబ్బాలు, రెండు వందలకు పైనే. ఒక్కదాని మీదా అక్షరం లేదు.

"ఏ డబ్బల ఏమున్నదో ఎవలకు తెలుసు?" అన్నాడు ప్రభుదాస్.

"నాకు తెలుసు సేటూ" అన్నది కనకవ్వ.

"అన్న చెప్పంగ ఇన్నది" అని సర్దాడు మధుకర్.

"అయితే అన్నిటికి చీటీలు రాసి కట్టున్రి అక్కా. గిట్ల గుడ్డిగ కొంటే తుక్కు లెక్కన కొనాలె. దుకాణం మాత్రం నేను ఈడ్నే నడిపిస్త. కూసునేటందుకు మనిషి కావాలె గదా, మీరే ఉండున్రి."

ఆ చివరి మాట కనకవ్వకు పాయసంలా దిగింది.

మర్నాటి నుంచి దుకాణం షట్టరు సగం దించుకుని కూర్చున్నది. అట్టలు కత్తిరించింది, బీడీ దారం పోగులు తీసింది. ఏడో తరగతి దాకా చదివిన గుండ్రని అక్షరాలతో ఒక్కో డబ్బాకు ఒక్కో చీటీ రాసి కట్టింది. పేరు రాసి ఊరుకుంటే సరిపోయేది. "ఇది గంట కొట్టే సుత్తి, ఎడమ పక్కది." "ఈ స్ప్రింగు బిగువు ఎక్కువ, చిన్న గడియారానికి వేయొద్దు." "ఈ చక్రం రెండు రకాలకూ సరిపోతుంది, ముందు నూనె పెట్టాలి." తొమ్మిదేళ్ళు ఎవరికీ చెప్పుకోలేని విద్యంతా ఆ అట్టముక్కల మీద పరిచింది. ఎంత వివరంగా రాస్తే సేటుకు తన విలువ అంత బాగా తెలుస్తుందని అనుకుంది, పిచ్చిది.

పక్కింటి సావిత్రమ్మ, తనూ బీడీలు చుట్టేదే, ఒకరోజు వచ్చి చూసి నొసలు చిట్లించింది. "అన్ని రాసిచ్చినంక నీతోని ఆయనకేం పనే?"

"పేరు తెల్సినంత మాత్రాన పని వస్తదా అక్కా" అన్నది కనకవ్వ. ఆ మాటలో తప్పు లేదు. కాని ప్రభుదాసుకు కావలసింది పని కాదు, సామాను. ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

ఇరవయ్యో రోజున చీటీలు అయిపోయాయి. ఇరవై రెండో రోజు పొద్దున్నే వ్యాను వచ్చింది. ప్రభుదాస్ నాలుగు చీటీలు చదివి, మొహమంతా నవ్వు చేసుకుని, "శాన మంచిగ రాసిన్రక్కా" అని, వెంట వచ్చిన ఇద్దరితో డబ్బాలు ఎత్తించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి గోడకున్న పెద్ద గడియారం, బీరువా కూడా బయటికి వచ్చాయి.

"ఇవన్ని ఎటు కొండవోతుండ్రు సేటూ? దుకాణం ఈడ్నే అంటిరి గదా" అని అడిగింది.

"అనుకున్న గని, గీడ కిరాయి దండుగక్కా. గిరాకంత ఫోన్లనే వస్తుంది."

"మరి నేను?"

"ఇగ మీకెందుకు తిప్పల. అన్ని రాసిచ్చిన్రు గదా, మా పోరగాండ్లు చూసుకుంటరు."

ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినంక బోడి మల్లన్న. ఈ సామెత కనకవ్వకు చిన్నప్పటి నుంచీ వచ్చు. వచ్చి ఏం లాభం? ఒప్పుకున్న పైసలు మధుకర్ మర్నాడే ఆమె చేతికి తెచ్చి ఇచ్చాడు, అతణ్ణి అనడానికి లేదు. దుకాణంలోకి ఫోన్ల కవర్లు అమ్మేవాళ్ళు వచ్చారు. కనకవ్వ ఇంట్లో చాట ముందేసుకుని మళ్ళీ బీడీలు చుట్టుకుంటున్నది.

రెండు నెలలకు మధుకర్ ఫోను పట్టుకుని ఆదరాబాదరా వచ్చాడు. "వదినా, గిది చూడు."

ఫోనులో ప్రభుదాస్ వీడియో. వెనక అద్దాల అరల్లో డబ్బాలు, వాటికి వేలాడుతూ ఆమె చీటీలు. "బాన్సువాడల పండరి అని పెద్ద ఉస్తాదు ఉండె. పోయేముందు ఒక్కొక్క డబ్బకు తన చేతితోని గిట్ల రాసి పెట్టిండు. గా అక్షరాలు చూడున్రి" అంటున్నాడు.

మధుకర్ కళ్ళు తడిగా ఉన్నాయి. "అన్న పేరు నిలవడ్డది వదినా."

"గవి నేను రాసినయి. నీకెర్క లేదా?"

"ఎర్కే. అన్న చెప్పిందే నువ్వు రాసినవు గదా, ఎవలు రాస్తె ఏంది."

"మీ అన్న చెప్పలే. ఆయనకు తొమ్మిదేండ్ల సంది కండ్లు కనవడలే. గడియారాలన్ని చేసింది నేను."

మధుకర్ ఫోను జేబులో పెట్టుకుంటూ మెల్లగా అన్నాడు. "గట్ల మాట్లాడకు వదినా. పోయినోన్ని తక్కువ జేస్తె నీకేమొస్తది?"

ఇది అబద్ధం కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కడే, వాడు బూడిదైపోయాడు. సొంత తమ్ముడికి కూడా చెప్పకుండా పోయాడు. పండరి పోయినప్పటి నుంచి కనకవ్వకు ఏడుపే వచ్చింది గాని కోపం రాలేదు. ఇప్పుడు వచ్చింది. ఒక్కడికి, ఒక్కడికన్నా చెప్పి పోవద్దా?

మధుకర్ గడప దాటబోతూ ఆగాడు. "అన్నట్టు, సేటు ఒకటి అడుగుమన్నడు. గా పెద్ద గడియారం మూడు చూపెట్టంగ ఏడు గంటలు కొడ్తుందట. ఎవలు చూసినా సమజైతలేదట. అన్న నీకేమన్న చెప్పిండా?"

వెనక చెక్క తీస్తే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాన్ని వేలితో ఎత్తి వదిలినప్పుడల్లా ఒకసారి గంటలు కొట్టి, లెక్క ముందుకు జరుగుతుంది. ముల్లుతో లెక్క కలిసేదాకా అలా ఎత్తి వదలాలి. చిన్న పని. అది డబ్బాలో పెట్టే సామాను కాదు కాబట్టి చీటీ మీదికి ఎక్కలేదు.

"అన్ననే అడుగుమను" అన్నది కనకవ్వ.

మధుకర్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. కనకవ్వ ఆకు తీసుకుంది, పొగాకు నింపింది, మూతి మడిచింది. తొమ్మిదేళ్ళు మొగుడి కోసం నోరు మూసుకున్నది. ఈ ఒక్కసారి తన కోసం మూసుకున్నది. దాంతో ఆమెకు ఒరిగింది ఏమీ లేదు.