నలభై రోజుల తొట్టి

ఆ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ల పేర్లు తెలియని వాళ్ళకు కూడా చేపల తాత తెలుసు. కింది అంతస్తులో, నంబరు పిలిచేదాకా అందరూ కూర్చునే హాల్లో, గోడ పొడవునా ఒక ఉప్పునీటి అక్వేరియం ఉండేది. పదహారేళ్ళుగా దాన్ని చూసుకున్నది ఆయనే. కాగితాల్లో మాత్రం ఆయన పంపుల మెకానిక్కు. భార్య అదే ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే గదిలో పనిచేసేది. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే డబ్బా పట్టుకుని మెట్లకింది గదికి వచ్చేది. ఇద్దరూ అక్కడే తినేవారు.

ఆ గది ఒకప్పుడు మందుల స్టోరు. కిటికీ లేదు. బల్లమీద ఒక చిన్న తొట్టి ఉండేది. అందులో ఇసుక లేదు, రాళ్ళు లేవు. చేప దాక్కోవడానికి నాలుగు ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, మూలన ఒక స్పాంజి ఫిల్టరు, అంతే. కొత్తగా వచ్చిన చేప ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే, ముందు నలభై రోజులు అక్కడ గడపాలి. ఆ తరవాతే హాల్లోకి. ఆ తొట్టికి వాడిన వల, బకెట్టు, చివరికి చేతులు తుడుచుకున్న గుడ్డ కూడా గడప దాటడానికి వీల్లేదు. మొదటి ఏడాది ఎవరూ చెప్పేవాళ్ళు లేక, ఒక జబ్బు చేపను తెచ్చి నేరుగా వదిలి, చేతులు కాల్చుకున్నాక పెట్టుకున్న నియమం అది.

"మా వార్డుల్లో కూడా ఇంత పట్టింపు లేదు తాతా" అని ఒక డాక్టరమ్మ నవ్వేది.

"మీ పేషెంట్లు ఏడ్చి చెప్తారు డాక్టరమ్మా. నావాళ్ళు ఏడవరు కదా" అనేవాడు.

హాలు తొట్టిలో పది చేపలుండేవి. వాటిలో నిమ్మపండు రంగున్న ఒకదానికి పదహారేళ్ళు. తొట్టి పెట్టిన ఏడాదే వచ్చింది. దాన్ని అందరూ పెద్దాయన అనేవారు. తాత అద్దం తుడుస్తుంటే గుడ్డ వెంబడే ఈ చివరనుంచి ఆ చివరదాకా వచ్చేది.

ఆ ఏడు ఒక కొత్త చేప వచ్చింది. అరచేయంత ఉంటుంది. తెల్లటి ఒంటిమీద నారింజరంగు పట్టీలు, సూదిమొనలా పొడుగాటి మూతి. ఇలాంటివి బతకడం కష్టమని తాతకు తెలుసు. అడిగి తెప్పించుకున్నది కాదు. ఎవరో కొనుక్కుని, పెంచలేక, ఆసుపత్రికి ఇచ్చేశారు.

అది తినలేదు. రొయ్య తురుము వేశాడు, ముట్టుకోలేదు. పురుగులు వేశాడు, చూసి పక్కకు తిరిగింది. ఆల్చిప్ప విప్పి దారంతో వేలాడదీశాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగి గొట్టంలోకి వెళ్ళిపోయింది.

"కొత్త కోడలు కూడా అత్తారింట్లో ఇంత బెట్టు చేయదు" అంది భార్య. ఆ రోజునుంచి దాని పేరు కొత్త కోడలు.

తొమ్మిదో రోజుకి దాని వీపు సన్నబడింది. తల వెనక గుంట పడింది. మామూలుగా అయితే ఈపాటికి తొట్టిలో జబ్బు పురుగుల్ని చంపే రాగి మందు కలపాలి. కానీ తిండి లేని చేప ఆ మందుకు ఆగదు. తిన్నాక వేద్దాం అనుకున్నాడు. అది తినదు, ఆయన మందు వేయడు. అలా మూడు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు మధ్యాహ్నం భార్య డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

"దీని ముందు కూర్చుని నాకు ముద్ద దిగట్లేదండీ. హాల్లో అయితే రాళ్ళున్నాయి, వాటి సందుల్లో ఏవేవో పురుగులుంటాయని మీరే అన్నారుగా? అక్కడ తింటుందేమో."

"ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది."

"దానికి లేవు. ఒకసారి చూడండి దాన్ని. వస్తుందో రాదో తెలియని జబ్బుకోసం కళ్ళముందే ఆకలితో చంపుతారా?"

ఆయన భూతద్దం తెచ్చాడు. గంటసేపు చూశాడు. ఒంటిమీద చుక్క లేదు. ఊపిరి బాగానే ఉంది. రెక్కలు నిండుగా ఉన్నాయి. ఒక గిన్నెలో నీళ్ళతో సహా దాన్ని తీసుకుని హాల్లోకి నడిచాడు. నియమం పెట్టుకున్నాక దాన్ని తప్పడం అదే మొదటిసారి.

అరగంట గడవకముందే కొత్త కోడలు రాయి సందులో మూతి పెట్టింది. ఏదో లాగింది, మింగింది. మళ్ళీ పెట్టింది. కుట్టుగదినుంచి భార్య పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ కూడా ఆగి చూసింది. తరవాత నాలుగు రోజులూ తాత పనిలేకపోయినా హాల్లోనే తిరిగాడు. ఇన్నాళ్ళూ అనవసరంగా ఎన్ని చేపలను ఆ చీకటిగదిలో ఏడిపించానో అని కూడా అనుకున్నాడు.

అయిదో రోజు పొద్దున పెద్దాయన అద్దం దగ్గరకు రాలేదు. పంపునుంచి నీళ్ళు వచ్చేచోట, ఆ జోరులో మొహం పెట్టి నిలబడి ఉంది. మొప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి. తాత టార్చి తెచ్చి పక్కనుంచి వేశాడు. ఒంటినిండా సన్నటి పుప్పొడిలాంటిది మెరిసింది. కొత్త కోడలితోపాటు వచ్చిన జబ్బు పురుగే అది.

తరవాత రెండు రోజులూ ఆయన చేయగలిగినదంతా చేశాడు. భార్య లాండ్రీనుంచి పెద్ద టబ్బులు మోసుకొచ్చింది. ఉప్పునీళ్ళు కలిపారు, మందు కలిపారు. రాళ్ళన్నీ తీసి చేపల్ని ఒక్కొక్కటే పట్టారు. అన్నిటికంటే ముందు పోయింది కొత్త కోడలే, నిండిన పొట్టతో. సాయంత్రానికి ఇంకో మూడు, మర్నాటి మధ్యాహ్నానికి ఇంకో ఆరు. చివరికి పెద్దాయన ఒక్కటే మిగిలింది. భార్య టబ్బులో రెండు చేతులూ పెట్టి, అది పక్కకు ఒరిగిపోకుండా పట్టుకుని కూర్చుంది. నాలుగింటికి ఆమె చేతుల్లోనే పోయింది.

తాత మేనేజరు గదికి వెళ్ళి నిలబడ్డాడు.

"నా తప్పు సార్. నలభై రోజులు ఉంచాల్సింది, పన్నెండో రోజే వదిలేశాను."

"పోనీలే తాతా, చేపలేగా. మిమ్మల్ని ఎవరేమన్నారు?"

"అనాలి సార్" అన్నాడు తాత. మేనేజరుకు అర్థంకాలేదు. ఫోను మోగితే తీశాడు.

పదకొండు వారాలు ఒక్క చేప కూడా లేకుండా తొట్టిని నడిపితే ఆ జబ్బు పురుగు తనంతట తనే చస్తుందని, తరవాత మళ్ళీ మొదలుపెట్టొచ్చని తాత కాగితం రాసిచ్చాడు. ఖాళీ నీళ్ళకు రోజూ ఉప్పు కలిపి, వేడి చూసి, పంపులు కడిగాడు. ఆరో వారంలో ఆయన వెనక భవనంలో పైపు బాగుచేస్తుండగా హాలు తొట్టిని ఖాళీ చేసేశారు. గోడకు పెద్ద టీవీ పెట్టారు. అందులో రంగురంగుల చేపలు తిరుగుతుంటాయి. మెట్లకింది గదిలో ఇప్పుడు చీపుర్లు పెడుతున్నారు. తాతను పూర్తిగా పంపుల షెడ్డుకు వేశారు.

"ఆ రోజు అన్నది నేనే" అంది భార్య ఒకసారి, ఇంట్లో బట్టలు మడతపెడుతూ.

"మోసుకెళ్ళింది నేను."

అంతకుమించి ఆ విషయం ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒకటి అనబోతే ఇంకొకటి తగులుతుందన్న భయమో ఏమో, మిగతా మాటలు కూడా తగ్గిపోయాయి. షెడ్డు దూరమని ఆమె డబ్బా కుట్టుగదిలోనే తినడం మొదలుపెట్టింది. ఆయన పంపుల మధ్య నిలబడి తినేవాడు.

మరుసటేడు ఒక కొత్త నర్సు ఆయనెక్కడని అడుగుతూ షెడ్డుకు వచ్చింది. పంపుల మోతలో గట్టిగా అరిచి చెప్పింది.

"మావారు ఇంట్లో ఉప్పునీళ్ళ తొట్టి పెట్టారు తాతా. పొడుగుమూతి చేపొకటి వారంనుంచి ఏమీ తినట్లేదు. విడిగానే ఉంచమంటారా, పెద్దదాంట్లో వేసేయమంటారా?"

"ఆ చేప కొనొద్దమ్మా."

"కొనేశారు తాతా."

ఆయన చేతికంటిన గ్రీజును గుడ్డతో తుడుచుకున్నాడు. వినబడలేదేమో అనుకుని ఆమె మళ్ళీ అడిగింది. వినబడిందన్నట్టు తల ఊపి, ఆయన రెంచి తీసుకుని రెండో పంపు దగ్గరకు వెళ్ళాడు.