కల్లూరు మిద్దె మీద పందిరి

కర్నూలు పక్కన సోలార్ ప్లాంటు పనులు ఆఖరి దశకు వచ్చిన ఏడాది, దీపావళి వెళ్ళిన వారంలో, నన్ను కడప ఆఫీసు నుంచి అక్కడికి అడ్మినిస్ట్రేషన్ మేనేజరుగా బదిలీ చేశారు. హోదా పెద్దదిగా వినిపిస్తుంది. పని మాత్రం ఇళ్ళు వెతకడం, కార్లు పంపడం, గేటు పాసులు రాయించడం, విదేశీ ఉద్యోగులు వస్తే పోలీసు ఆఫీసులో వాళ్ళ పేర్లు నమోదు చేయించడం. ఇందులో చిన్నతనమేమీ లేదు. మైదుకూరు వైపు మా వాళ్ళు ఒకప్పుడు వచ్చిన అతిథిని నెలల తరబడి ఉంచుకున్నవాళ్ళు. నా కాలానికి భూములు పోయాయి, మేడ పోయింది. ఇంటిపేరు, అతిథిని చూసుకునే పద్ధతి మిగిలాయి. ఆ రెండో దానికి కంపెనీ నాకు జీతమిచ్చింది.

నాకు అప్పగించిన మొదటి అతిథి మికా అనే ఫిన్లాండ్ దేశస్థుడు, కమిషనింగ్ ఇంజనీరు. అంటే పలకలు బిగించి తీగలు లాగడం అయిపోయాక, ఇన్వర్టర్లను పరీక్షించి, ఇక గ్రిడ్డుకు కలపవచ్చని సంతకం చేసేవాడు. పలకల నుంచి వచ్చే కరెంటును లైన్లలో పోయే రకానికి మార్చే యంత్రమే ఇన్వర్టరు. ఆ సంతకం లేనిదే ఎంత ఎండ కాసినా మా ప్లాంటు ఉత్త అద్దాల తోట. మికా ఒక షరతు మీద వచ్చాడు: భార్య హన్నా, ఏడేళ్ళ కూతురు ఎల్లా తనతోనే ఉంటారు, వాళ్ళు వెళ్ళిపోతే తానూ వెళ్ళిపోతాడు. మా ప్రాజెక్టు హెడ్ ఆదోని మనిషి. నన్ను పిలిచి, "ఇదో చూడప్పా, ఆయమ్మ నవ్వుతాంటేనే మనకు కరెంటు. అదే నీ డ్యూటీ" అన్నాడు.

కల్లూరులో ఒక కొత్త ఇంటి పై అంతస్తు, మిద్దెతో సహా, వాళ్ళకోసం అద్దెకు తీసుకున్నాను. కింద యజమాని మస్తాన్ సాబ్, ఆయన భార్య ఉండేవారు. మస్తాన్ సాబ్‌దీ మా ఊరే. వాళ్ళ నాన్న మా ఇంటికి పరుపులు కుట్టేవాడు. ఈయన కర్నూల్లో టైల్స్ వ్యాపారం చేసి బాగా స్థిరపడ్డాడు. అయినా నన్ను "దొరా" అనే పిలిచేవాడు. నేను వద్దనలేదు.

కారు, వంటమనిషి, కాపలాదారు, అన్నీ పద్ధతిగా ఏర్పాటు చేశాను. వాళ్ళు కాపలాదారును మాత్రం ఉంచుకున్నారు, అదీ ఎల్లాకు అతని మీసాలు నచ్చినందుకు. హన్నా షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని రైతుబజారుకు వెళ్ళి, వంకాయలు ఏరుకుని వచ్చేది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని మిద్దె మీద కూర్చుని తినేవాళ్ళు. ఎల్లా వీధి పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడి, కొద్ది రోజులకే నన్ను చూసి "యాడికి పోతాండావు తాతా?" అని అడిగేది.

అన్నిటికంటే వాళ్ళకు ఇష్టమైనది మిద్దె మీది ఎండ. చలికాలంలో తమ ఊళ్ళో మధ్యాహ్నం కూడా దీపం పెట్టుకోవాలని, ఇక్కడ తలుపు తీస్తే చాలు ఎండ తనంతట తానే ఇంట్లోకి వస్తుందని హన్నా నాతో అంది. చాపలు పరుచుకుని, పుస్తకాలు, కూరగాయల బుట్ట, ఎల్లా బొమ్మలు అన్నీ మిద్దె మీదికి చేర్చి, ముగ్గురూ ఆదివారమంతా అక్కడే గడిపేవాళ్ళు.

వీధికి ఇది మింగుడుపడలేదు. ఎదురింటి సుబ్బమ్మ తన మిద్దె మీద మిరపకాయలు తిరగేస్తూ, అందరికీ వినబడేలా అనేదట: "మేము మిరక్కాయలు ఎండబెట్టుకుంటాం. మస్తాన్ మనుషుల్నే ఎండబెట్టుకుంటాండాడు." టీ అంగడి దగ్గర ఇంకొకరు, "ఏమప్పా మస్తానూ, బాడిగ తీసుకుంటివి, లోపల చోటియ్యలేదా వాళ్ళకు?" అని అడిగారట. మస్తాన్ సాబ్ పరువు గల మనిషి. ఆ మాటలు గుచ్చుకున్నాయి.

ఒక ఆదివారం మికా కుటుంబం గండికోట చూడడానికి వెళ్ళింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మిద్దె మొత్తం పందిరి. వెదురు గుంజలు, దట్టంగా కొబ్బరాకు, పక్కలకు తడికెలు. మస్తాన్ సాబ్ సొంత డబ్బుతో వేయించి, నీళ్ళు చల్లించి, మెట్ల దగ్గర నిలబడి వాళ్ళను పైకి తీసుకువెళ్ళి చూపించాడు. హన్నా కృతజ్ఞతలు చెప్పి, కిందికి దిగి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సోమవారం మికా నా గదికి వచ్చాడు. అంత ప్రేమగా వేసినదాన్ని తీసెయ్యమని ఆయనతో చెప్పలేమన్నాడు. కానీ హన్నా చీకటిని తప్పించుకుని ఇంత దూరం వస్తే ఇక్కడా చీకటే ఎదురైందని, ఎల్లాను తీసుకుని వెళ్ళిపోతానంటోందని చెప్పాడు. గ్రిడ్డు పరీక్షలు ఆ వారమే మొదలుకావాలి.

అద్దె ఒప్పందం ప్రకారం మిద్దె మాదే, పందిరి తీసెయ్యమని నేను అడగవచ్చు. కానీ యజమానికి ఒప్పందం చదివి వినిపించినవాడు వెంటనే ఇంకో ఇల్లు వెతుక్కోవాలని ఈ ఉద్యోగంలో ఎవరికైనా తెలుసు. కాబట్టి నేరుగా వెళ్ళి మాట్లాడాను.

"దొరా, మీకు తెలీనిదా?" అన్నాడు మస్తాన్ సాబ్. "మీ తాత ఇంటికొచ్చినోడు ఎప్పుడన్నా ఎండలో కూసున్నాడా? చలువ పందిట్లో కూసోబెట్టి, మజ్జిగిచ్చి పంపిస్తాండ్రి. మా నాయన శానా సార్లు చెప్పినాడు. ఇప్పుడు నా ఇంట్లో వాళ్ళు ఎండకు మాడతాంటే, వీధి నన్నేమనుకోవాల?"

అతని మాట తప్పు కాదు. అతన్ని ఆపుతున్నది వాదన కాదు, పరువు. పరువు పోదని చూపిస్తే తప్ప దారి లేదు. "తూర్పున, వీధి వైపు తడికె, పైన ఆకు కొంచెం తీయించు మస్తానూ. రేపు పొద్దున ఆ ఎండలో నేను టీ తాగుతాను" అన్నాను.

"మీరా?" అన్నాడు.

మరునాడు గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకుని, గొడుగు మడిచి పక్కన పెట్టి, వీధికి ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. హన్నా టీ పోసింది. ఎల్లా నా పాదాల దగ్గర చాప పరుచుకుంది. చొక్కా వీపుకు అంటుకుంటున్నా నేను ఒరగలేదు. కింద నడిచేవాళ్ళు ఆగి చూశారు. కాసేపటికి మస్తాన్ సాబ్ కుర్చీ తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. ఎదురింటి నుంచి సుబ్బమ్మ కేక వేసింది.

"ఏం మస్తానూ, ఈ పొద్దు నువ్వూ ఎండుతాండావా?"

"దొరే కూసున్నాడు సుబ్బమ్మా, నాదేముండాది! ఎముకలకు మంచిదంట."

"అట్లనా? మా ముసలాయన మోకాళ్ళకు కూడా పనికొస్తాదేమో అడుగప్పా!"

సాయంత్రానికి మిగతా పందిరి కూడా దిగిపోయింది. మోకాళ్ళ ముసలాయన ఎదురు మిద్దె మీదికి ఎక్కాడు. మికా పరీక్షలు అనుకున్న వారంలోనే మొదలై, శివరాత్రికి ముందే సంతకం అయింది. నిర్వహణ పనులకు అతను ఇంకో ఏడాది ఉండిపోయాడు.

ఉగాది దాటాక ఒక మధ్యాహ్నం హన్నా ఫోన్ చేసింది. మిద్దె మీద చెప్పులు లేకుండా నిలబడలేకపోతున్నామని, ఆ పందిరి మళ్ళీ వేయించడం కుదురుతుందా అని కొంచెం మొహమాటంగా అడిగింది. నేను కల్లూరు చేరేసరికి మస్తాన్ సాబ్ మనుషులు గుంజలు నిలబెడుతున్నారు. వెదుర్లు, తడికెలు ఇంటి వెనకే కట్టగట్టి ఉంచాడట.

"పారేయలేదా?" అని అడిగాను.

"ఎండాకాలం యాడికి పోతాది దొరా?" అన్నాడు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆ ప్లాంటుకు వచ్చిన ప్రతి విదేశీ కుటుంబానికీ ముందు మిద్దె చూపించి, తర్వాతే వంటగది చూపించాను. పందిరి సామాను సిద్ధంగా ఉంచేవాణ్ణి. వేయించడం మాత్రం వాళ్ళు అడిగాకే.