వదులు నేత

షోలాపూర్‌లో మా పక్కింటి మామ చేమగ్గం మీద నేసేవాడు. ఏ బట్ట చేతికొచ్చినా ముందు బొటనవేలితో నొక్కి చూసేవాడు. పెళ్లిలో పెట్టిన టువాలునైనా సరే, అందరి ముందే నొక్కేవాడు. నేత వదులనిపిస్తే మళ్లీ ముట్టుకునేవాడు కాదు.

ఒక వానాకాలం మా పేట వెనక వాగు గట్టు కోసుకుపోయి, మట్టంతా చెరువులో కలిసింది. మా నల్లాల్లోకి వచ్చేది ఆ చెరువు నీళ్లే. బిందెల అడుగున బురద పేరుకునేది. మామ గట్టు వాలున వావిలి గుంజలు పాతి, వాటి మధ్య కొమ్మలను మగ్గం మీది పేక నూలులాగా అడ్డంగా దూర్చి దడి అల్లాడు. అలవాటుకొద్దీ సందు లేకుండా బిగించాడు. తర్వాతి వానకే పేట నుంచి దిగిన నీరు దారి లేక దడిని తోసేసింది, దాంతో పాటు ఇంకొంత గట్టు కూలింది.

"నీళ్లను పోనియ్యాలె అన్నా, మట్టి ఆగితె బస్," అంది మా అమ్మ.

మామ కొత్త గుంజలు పాతాడు. మళ్లీ అల్లాడు, ఈసారి వేలు దూరేంత వదులుగా. మట్టి ఆగింది. గుంజలు చిగురించాయి, బిందెల్లో నీళ్లు తేటపడ్డాయి.

చూడవచ్చినవాళ్లు దడి ఎవరు అల్లారని అడిగితే నేను నోరు తెరవబోయాను. మామ బొటనవేలితో దడిని ఒకసారి నొక్కి, నా చెవి దగ్గరకు వంగాడు.

"గీ నేత నాదని ఎవ్వలకు చెప్పకు."