తిరగేసి కలిపిన నంబర్లు

మా దువ్వాడ ఆఫీసులో వేట బోట్ల కోసం ఒక యాప్ చేశాం. బోటు జెట్టీకి చేరగానే ఇంటికి మెసేజ్ వెళ్తుంది. ఇంటి నంబరు అడిగితే మగవాళ్లంతా భార్య నంబరే ఇస్తారు. బుట్టలు పట్టుకుని జెట్టీకి రావాల్సింది, చేపలు అమ్మాల్సింది ఆవిడే కదా. మా వీధికి చేపలు తెచ్చే ఆవిడని, వాళ్లాయన్ని ఇందులో చేర్పించింది నేనే. ఏదో పెద్ద ఉపకారం చేసినట్టు పొంగిపోయాను కూడా.

కొన్ని బోట్లకి ఇంటి నంబరే లేదు. అక్కడ మా హెల్ప్‌లైన్ నంబరు నింపమన్నారు. ఉన్నవి ముట్టుకోకూడదు, లేనివే నింపాలి. జావాస్క్రిప్టులో రెండు ఆబ్జెక్టులు, అంటే వివరాల జాబితాలు, కలిపినప్పుడు ఒకే ప్రాపర్టీ (ఇక్కడ ఇంటి నంబరు) రెండింట్లోనూ ఉంటే, వెనకొచ్చిందే నిలుస్తుంది. కాబట్టి మా హెల్ప్‌లైన్ నంబరున్న డిఫాల్టు విలువలు ముందు, బోటు వివరాలు వెనక పెట్టాలి. కాలేజీ పిల్లలకి కూడా తెలిసిన సంగతి. టీ చల్లారిపోతోందని తొందరపడి నేను తిరగేసి రాశాను. నంబరు లేని బోటు ఒక్కదాని మీద పరీక్షించి, బ్రహ్మాండం అనుకుని పంపేశాను.

ఆ వారమే ఆ చేపలావిడ మా గుమ్మం ముందు బుట్ట దించి, చేప కోయకుండా అలాగే కూర్చుండిపోయింది. ఏమైందమ్మా అన్నాను.

“మా ఆయన యాప్‌లో నా నంబర్ తీసీసి ఇంకెవుల్దో ఎట్టినాడు బాబూ. దానికి ఫోన్ సేత్తే ఆడమనిసి ఎత్తినాది. నాను తియ్యలేదే అని పిల్లల మీద ఒట్టేసినాడు. నమ్ముతానేటి? నీ మొకం నాకు సూపించకని సెప్పీసినాను. కూడు ముట్టకుండా ఏటకెల్లిపోనాడు.”

నేను తిరగేసి రాయడంతో ఉన్న నంబర్లన్నిటి మీదా మా హెల్ప్‌లైన్ నంబరే పడిపోయింది. ఆ ఫోన్ ఎత్తింది మా హెల్ప్‌లైన్ అమ్మాయి. ఛీ, నా బుద్ధి గడ్డి తినా! తప్పు చేసింది నేను, ఒట్లు వేసుకున్నది ఆయన. సర్వర్ ప్రాబ్లమని తోసేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమెందుకు. ఆవిడ కళ్లు చూశాక నోరు రాలేదు. ఉన్నదంతా చెప్పేశాను. అక్కడే మెట్ల మీద లాప్‌టాప్ తెరిచి వరస మార్చాను. పాత కాపీలోంచి ఆవిడ నంబరుతో పాటు అందరి నంబర్లూ తెచ్చి మళ్లీ పెట్టాను.

“వచ్చేసిందమ్మా, చూడండి. మీ నంబరే.”

ఆవిడ స్క్రీన్ వైపు చూడలేదు. తన ఫోన్ తీసి ఆయనకి చేసింది. కలవలేదు. మళ్లీ చేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“బోటు దూరం ఎల్లిపోనాది బాబూ. తిరిగొచ్చేదాకా సిగ్నలుండదు,” అంది. “నాదే తప్పని ఆయనకిప్పుడు ఎవులు సెప్తారు?”