మూత తీసిన మావయ్యగారు

మొన్న మా కోడలితో కలిసి ఓ నర్సరీకి వెళ్ళాను. గింజల్లేని పుచ్చకాయ నారు ట్రేల్లో వరసగా పెట్టి, పైన ప్లాస్టిక్ మూతలు వేశారు. ఒక్కో పుచ్చ మొలకనీ ఆనప మొలక మీద, అదే సొర మీద, అంటుకట్టారట. మూతల లోపల నీటి బొట్లు పట్టి సరిగా కనపడక, ఓ అంచు కాస్త ఎత్తబోయాను. అక్కడ పనిచేసే అమ్మాయి పరుగున వచ్చింది. ‘‘మామ్మగారూ, తియ్యకండి! గాలి తగిలితే చచ్చిపోతాయండి!’’ అంది. కోడలు నవ్వింది. నాకు ఒళ్ళు మండింది, ఆ అమ్మాయి మీద మాత్రం కాదు.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను రాజోలు దగ్గర ఊరికి కాపురానికి వెళ్ళేనాటికి, మా మావయ్యగారి ఏటి లంక పొలంలో పుచ్చపాదులు ఏటా పూతకొచ్చి నిలువునా ఎండిపోయేవి. తెగులు మట్టిలో ఉందనీ, ఆనప వేరుకి అది సోకదనీ, ఆనప మొలక మీద పుచ్చని అంటుకట్టమనీ వ్యవసాయ శాఖాయన చెప్పి, చేసి చూపించి వెళ్ళాడు. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తానని ఆ పని నాకు పడింది. కొబ్బరిచిప్పల్లో ఆనప మొలకలు పెంచాను. రెండాకుల మధ్య చిగురు తీసేసి, బ్లేడుతో చీల్చి, చెక్కిన పుచ్చ కొసని అందులో దించి, అరటినారతో కట్టాను. ఎనిమిది రోజులు నీడలో, తడిగోనె కప్పిన గంపల కింద, గాలి తగలకుండా ఉంచాలి. అంతే.

అంతేనా? మా మావయ్యగారికి ఇంటికొచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వడం ఎంత మర్యాదో, ఇంట్లో ఉన్న వింత చూపించడమూ అంతే మర్యాద. ‘‘రండి బావగారూ, మా కోడలు పుచ్చకి ఆనపనిచ్చి పెళ్ళి చేసిందండోయ్’’ అంటూ గంప ఎత్తేసేవారు. పొద్దున్న ఇద్దరికి, సాయంత్రం నలుగురికి. తలుపు చాటునించి నేను, ‘‘గాలి తగిలితే అతుకు నిలవదండీ’’ అనేదాన్ని. ‘‘అందరూ మనవాళ్ళేనమ్మా, మనవాళ్ళ గాలి ఏం చేస్తుంది?’’ అనేవారు. నాలుగోనాటికి కొసలన్నీ తలలు వాల్చాయి. మళ్ళీ కట్టాను, మళ్ళీ చూపించారు, మళ్ళీ పోయాయి. అప్పుడు వీధరుగు మీద పదిమందిలో అన్నారు: ‘‘పనిమంతురాలేనండీ, కానీ చెయ్యి మంచిది కాదు.’’

మా వైపు ఆ మాట పడ్డ మనిషిని విత్తనం ముట్టుకోనివ్వరు. పెరట్లో బీరగింజ పెట్టాలన్నా అత్తగారు నన్ను దాటి తోడికోడలిని పిలిచేవారు.

అదృష్టం కొద్దీ మావయ్యగారు ఓ పెళ్ళి మాటలకని పది రోజులు అమలాపురంలో ఉండిపోయారు. ఆయన నానబెట్టిన గింజలు అప్పటికే మొలిచి ఉన్నాయి; ఆయన పడవెక్కిన పూటే నలభై చిప్పలకి అంటుకట్టాను. గంపల్ని కొబ్బరితాడుతో బిగించి, మా అత్తగారొచ్చినా విప్పలేదు. తొమ్మిదోనాడు విప్పితే నాలుగే పోయాయి. మిగతావాటికి కొత్తాకు తొంగిచూస్తోంది. ఆ తడిమట్టి వాసన పీలుస్తూ అక్కడే కూర్చుండిపోయాను.

మావయ్యగారొచ్చి చూశారు. ‘‘చూశావటమ్మా, గింజలు నేనే నానబెట్టానా, నా చెయ్యి పనిచేసింది!’’ అన్నారు. ‘‘మీరు మూత తియ్యలేదండీ, అందుకు బతికాయి’’ అన్నాను. ‘‘ఆయ్, ఆయ్’’ అని నవ్వేసి, లంకలో మొదటి మొక్క నాటడానికి తోడికోడలిని పిలిచారు. నేను గట్టు మీద చిప్పలు అందించాను. ఆ వేసవి పాదు ఎండలేదు; కాయ కోసినపుడు ఊరంతా తిన్నారు. నేను ముక్క ముట్టలేదు. ఎందుకని ఒక్కరూ అడగలేదు, అదీ గుర్తుంది.

నర్సరీ అమ్మాయికి క్షమాపణ చెప్పి మూత నేనే సర్దాను. ఆనపకి పుచ్చ అతుక్కోవడానికి ఎనిమిది రోజులు చాలాయి. ఆ మాట నా చేతినించి ఊడిపోవడానికి డెబ్భై ఏళ్ళు చాలలేదు.